తిరుపతి ఎయిర్‌పోర్ట్, రేడియో: మద్రాసు నుంచి మొదలుపెట్టాలి

తిరుపతికి ఎయిర్‌పోర్ట్, రేడియో స్టేషన్ రాకముందు మనవాళ్లు ఏం చేసేవాళ్లని అడిగారు. ఒక్క మాటలో చెప్పాలంటే మద్రాసు మీద బతికాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి అందులో వింతేం లేదు.

ముందు రేడియో సంగతి. 1924లోనే మద్రాసులో కొందరు ఔత్సాహికులు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టి ప్రసారాలు మొదలుపెట్టారు, డబ్బుల్లేక 1927లో మూతపడింది. తర్వాత 1930 నుంచి మద్రాసు కార్పొరేషన్ నడిపింది (మున్సిపాలిటీ వాళ్లు రేడియో నడపడమేంటి అనిపిస్తుంది గానీ, నిజం). 1938లో ఆలిండియా రేడియో చేతికి వచ్చాక తెలుగు కార్యక్రమాలు కూడా అక్కడి నుంచే వచ్చేవి. మన సీమకంటూ స్టేషన్ 1963లో కడపకు వచ్చింది. పుత్తూరులో మా నాయన కడప స్టేషన్ కోసం 900 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు ఆపి, సెట్టును బల్ల మీద కొంచెం కొంచెంగా తిప్పేవాడు. కడప స్టేషన్ వచ్చే మీడియం వేవ్‌కు యాంటెనా సెట్టు లోపలే కడ్డీలా ఉంటుంది, అది ఏ దిక్కుకు ఉందనే దాన్ని బట్టి స్టేషన్ పలుకుతుంది. సరిగ్గా కుదిరాక ఇంట్లో ఎవరైనా సెట్టు ముట్టుకుంటే ఆయనకు ఒళ్లు మండేది. ఇప్పుడున్న తిరుపతి ఆకాశవాణి 103.2 ఎఫ్ఎం. చాలా స్పష్టంగా వినిపిస్తుంది, కానీ ఎఫ్ఎం తరంగాలు కొండలు దాటి పోలేవు, అందుకే కొండ అవతలి ఊళ్లలో గరగర.

విమానానికీ అదే దారి. 1932 అక్టోబరులో టాటాల మొదటి ఎయిర్‌మెయిల్‌ను కరాచీ నుంచి బొంబాయి దాకా జేఆర్‌డీ టాటా నడిపితే, అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు తెచ్చింది ఆయన తోటి పైలట్ నెవిల్ విన్సెంట్. తిరుపతి ఎయిర్‌పోర్ట్ అంటే మన రేణిగుంటలో ఉన్నదే, అది 1970ల మొదట్లో వచ్చింది, చాలా ఏళ్లు చిన్నదిగానే నడిచింది. కొత్త టెర్మినల్‌కు 2010లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేస్తే, 2015 అక్టోబర్ 22న, అమరావతి శంకుస్థాపన రోజే, మోదీ ప్రారంభించారు. గరుడ టెర్మినల్ అంటారు. తర్వాత ఇంటర్నేషనల్ హోదా కూడా వచ్చింది.

హోదా వచ్చింది సరే, గల్ఫ్‌కు పోయే మనవాళ్లకు మాత్రం ఇప్పటికీ మద్రాసు ఎయిర్‌పోర్ట్ ఉన్న మీనంబాకమే దిక్కు, పలమనేరు, మదనపల్లె వైపు వాళ్లయితే 2008లో దేవనహళ్లిలో తెరిచిన బెంగళూరు ఎయిర్‌పోర్ట్. మా చిన్నాయన కువైట్‌కు పోయినప్పుడు నగరి, తిరుత్తణి మీదుగా రాత్రికి రాత్రి జీపులో తీసుకుపోయాం. అట్టపెట్టెకు నవారు తాడు బిగించి, నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో పేరు రాసి, మధ్యలో ఆవకాయ డబ్బా కారుతుందేమోనని మా పిన్నమ్మకు టెన్షన్. పాస్‌పోర్ట్ చేతిలో ఉందా లేదా అని మాత్రం ఒక్కరూ అడగలేదు!

నన్నడిగితే రేణిగుంట బోర్డు మీది ఇంటర్నేషనల్ కన్నా 103.2 మనకు ఎక్కువ పనికొచ్చింది. తిరుపతి దాటాక కూడా వినాలంటే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వెతకండి, అక్కడ కొండల గొడవ ఉండదు.