గ్లాసు అడుగున నెర్ర ఎందుకు పడింది?

ప్రశ్న: కాలితో తొక్కే తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పచ్చి కొమ్మ నుంచి ఒక గ్లాసు తీశాను. రెండు వారాలు తిరగకుండానే అడుగున నక్షత్రంలా నెర్రలు విచ్చాయి. తేనెమైనం పూసినా వేడి టీ పోయగానే చెమరుస్తోంది. పొరపాటు ఎక్కడుంది?

జవాబు: తరిమెన పనిలో కాదు, కర్రను ఎంచుకోవడంలో పొరపాటు జరిగింది. కొమ్మను నిలువుగా తొలిచినప్పుడు దాని నడుమనుండే బెండు సరిగ్గా గ్లాసు అడుగుకు వస్తుంది. కర్ర ఆరేటప్పుడు బెండు నుంచి బెరడు వైపు కుంచించుకునే దానికంటే వలయాల వెంట దాదాపు రెండింతలు కుంచించుకుంటుంది కనుక, ఆ లాగుడుకు బెండు చుట్టూ ఉన్న భాగం విచ్చిపోతుంది. పైగా అడుగున నాళాలన్నీ అడ్డంగా తెగి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. చెట్టు నీరు పీల్చుకున్న దారిలోనే మీ టీ కిందికి దిగుతోంది.

ఈసారి లావుపాటి దుంగను నిలువుగా రెండుగా చీల్చి, బెండును పూర్తిగా తీసేసి, ఆ సగం చెక్కలోంచి వెడల్పాటి గిన్నెలాంటి పాత్ర తీయండి. మేపుల్, బీచ్ వంటి సన్నని రంధ్రాల కర్రలు మంచివి. ఎర్ర ఓక్ మాత్రం వద్దు: దాని చిన్న ముక్క ఒక కొసను నీళ్లలో ముంచి, రెండో కొస నుంచి ఊదితే బుడగలు పైకి రావడం మీరే చూడవచ్చు.

గోడను, అడుగును ఒకే మందంలో ఉంచి, తీసిన పాత్రను, చెక్కేటప్పుడు రాలిన పొట్టుతోనే కాగితం సంచిలో పెట్టి నిదానంగా ఆరనివ్వండి. కాస్త కోలగా మారితే బెంగపడకండి. పచ్చి కర్రకు అది సహజం, నాకైతే ఆ వంపే ఇష్టం.

తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి వేడి టీకి నిలవదు. త్వరగా ఆరడానికి వేసే లోహ లవణాలు కలపని అవిసె నూనెను పలుచగా పట్టించి, మిగిలినది తుడిచి, పూతకూ పూతకూ మధ్య బాగా ఆరనివ్వండి. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. వంటనూనెల్లో చాలా రకాలు అలా గట్టిపడక కమురు వాసన వేస్తాయి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు, అందువల్ల ఆరుబయట పరిచి ఆరబెట్టండి.