గంజాయి కథ రాసే ముందు టీ గురించి చదువు

కడప

చిరంజీవి మహేష్‌కు,

కథ అందింది. కొడుకు చొక్కా వాసన చూసి, తల్లి ఒక్క మాటా అనకుండా దాన్ని నానేసిన బట్టల్లో పడేసే చోటు బాగుంది. కానీ నాలుగో పేజీకి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది నాయనా. ప్రొద్దుటూరు బస్టాండు వెనక పిల్లోడు గంజాయి తాగుతాడు. కాసేపటికి కనుపాపలు సూదిమొనంత అవుతాయి, ఊపిరి మందగించి ఆగిపోతుంది. అవి గంజాయి లక్షణాలు కావు, నల్లమందు జాతివి. మార్ఫిన్, హెరాయిన్ లాంటివి మోతాదు మించితే మెదడు అడుగున ఊపిరిని నడిపే చోటు మొద్దుబారుతుంది. గంజాయిలో మత్తెక్కించే రసాయనం టీహెచ్‌సీ. అది వచ్చి కుదురుకుని పనిచేసే చోట్లు, అంటే గ్రాహకాలు, అక్కడ చాలా తక్కువ. గంజాయి తాగినోడికి కళ్లు ఎర్రబడతాయి, గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది. చెప్తున్న మాట మధ్యలోనే మరిచిపోతాడు. ఐదు నిమిషాలు అరగంటలా సాగుతుంది. ఇందులో ఎంత కథ ఉంది! అదంతా వదిలేసి సినిమాలో చూసింది రాశావు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని రెండు పేజీలు అడిగావు. అసలు ప్రశ్న మాత్రం చివర ఒక్క లైన్లో పెట్టావు: మత్తు ఎలా పనిచేస్తుందో తేలిగ్గా చెప్పే పుస్తకం ఏదని.

ఏ పుస్తకం దొరికినా ముందు టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ అధ్యాయం తెరువు. టీ, బీడీల గురించి లేకపోతే అక్కడే పెట్టేసి రా. హెరాయిన్‌తో మొదలుపెట్టినవాడు నిన్ను భయపెడతాడే గానీ ఏమీ నేర్పడు. మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంది. అది తన గ్రాహకాల్లో కుదురుకునే కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ముందుగా వచ్చి, ఆర్టీసీ బస్సు సీట్లో తువ్వాల వేసినట్టు, ఆ చోటు పట్టేస్తుంది. తను చేసే పనేమీ లేదు, అడినోసిన్‌ను కూర్చోనివ్వదు, అంతే. టీ తాగితే వచ్చింది బలం కాదు, అలసట కబురు అందలేదు. తాగిన ఐదారు గంటలకు కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి సాయంత్రం టీ రాత్రి నిద్ర చెడగొడుతుంది. ఇది అర్థమైతే మోతాదు, సమయం, గ్రాహకం మూడూ అర్థమైనట్టే. బీడీ పొగలోని నికోటిన్ సెకన్లలో మెదడుకు ఎందుకు చేరుతుందో, తిన్న భంగు గంట దాటినా ఎందుకు ఎక్కకపోవచ్చో తర్వాత అదే తెలుస్తుంది.

రెండోది, మానేస్తే ఏమవుతుందో ఆ పుస్తకంలో ఉండాలి. దీని మీద నాకు పాత కోపం ఒకటుంది. 1993 అక్టోబరులో సారా నిషేధించారు, 1995లో మద్యం మొత్తం ఆపేశారు. ఆ రోజుల్లో మా వీధిలో ఏళ్ల తరబడి తాగిన ఒకాయన ఉన్నట్టుండి మానేశాడు. మరుసటి రోజుకే చేతిలో గ్లాసు నిలవలేదు. రెండో రాత్రి గోడ మీద లేని పురుగుల్ని తుడుస్తూ కూర్చున్నాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ పుస్తకం ఒకటి పాత పుస్తకాల బండి మీద దొరికితే, దాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. రోజూ మద్యం అణచిపెడుతుంటే మెదడు దాన్ని తట్టుకోవడానికి తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. వణుకు, మూర్ఛ, భ్రాంతులు, ఒక్కోసారి ప్రాణం కూడా పోతుంది. అందుకే అలాంటివాళ్లు డాక్టరు దగ్గరే మానాలి.

అదంతా కథగా రాసి పంపితే ఒక వారపత్రిక సంపాదకుడు వణుకు, పురుగులు రెండూ కొట్టేశాడు. తాగుడు మానినోడు బాగుపడాలి గానీ ఇదేంటి అన్నాడట. పైగా సీమ నుంచి రాస్తున్నావు, ఫ్యాక్షన్ కథ ఉంటే పంపమన్నాడు. మన ఊళ్లలో బాంబులు, వేటకొడవళ్లు తప్ప నరాలు, మెదళ్లు ఉండవనుకున్నారు వాళ్లు. ఇప్పటికీ అంతే. నాలుగు యాస మాటలు అద్దితే చాలు, లోపల సరుకు ఎవరూ చూడరు. నువ్వా దారిన పోవద్దు.

పేరు చెప్పమంటే ‘బజ్డ్’ చెప్తాను. డ్యూక్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు ముగ్గురు మామూలు పాఠకుల కోసం రాశారు, 1998లో మొదట వచ్చింది. ఒక్కో మత్తుకు ఒక్కో అధ్యాయం, కెఫీన్‌కూ ఉంది. మెదడు గురించి వెనక విడిగా రాశారు. మొదట దాన్ని చదివి, మళ్లీ ముందుకు రా. ఇంగ్లీషు కష్టమని వదిలేయకు, రోజుకు రెండు పేజీలు చాలు. కొనేటప్పుడు కొత్త ఎడిషన్ చూసుకో, ఈ శాస్త్రం మారుతూ ఉంటుంది.

నా దగ్గర ఒకటుంది. ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపో. నీ నాలుగో పేజీ కూడా తీసుకురా, కూర్చుని ఆ రాత్రిని గంట గంటకూ మళ్లీ రాద్దాం.

ఆశీస్సులతో,
మీ సార్