డిష్‌వాషర్ సరిగా కడగట్లేదా? మెషీన్ కన్నా ముందు నీళ్లని అనుమానించండి

అద్దె ఇంట్లో ఓనర్ ఇచ్చిన డిష్‌వాషర్ గిన్నెలు సరిగా కడగట్లేదని, కొత్తది అడగాలనుకుంటున్నామని మీరు రాశారు. కొత్త మెషీన్ ఇప్పించమని ఓనర్‌ని అడిగే ముందు కాస్త ఆగండి. గాజు గ్లాసుల మీద తెల్లటి పొర, పై ట్రేలో గిన్నెలకు వదలని జిడ్డు, ఓనరేమో "ముందున్నవాళ్లు ఒక్క మాట అనలేదే" అనడం... మీరు రాసిందంతా మేం హైదరాబాద్ కొండాపూర్‌లో అద్దెకు దిగినప్పుడు పడ్డదే. మాదీ మీలాగే పై అంతస్తు, బోరు నీళ్లు. చివరికి తేలిందేమిటంటే మెషీన్‌లో ఒక్క పార్టూ పాడవలేదు. అద్దె ఇంటితో వచ్చే చిక్కే అది. మెషీన్ ఓనర్‌ది, వాడింది ఇంకెవరో. ఉప్పు ఎప్పుడు పోశారు, సెట్టింగ్ ఎవరు మార్చారు అంటే చెప్పేవాళ్లుండరు.

తెల్ల పొర, జిడ్డు ఒకే జబ్బు కాదు, విడివిడిగా చూడండి.

ముందు పొర సంగతి. ఒక గ్లాసును నిమ్మచెక్కతో బాగా రుద్ది కడగండి. పొర పోతే అది నీళ్లలోని సున్నం. ఎంత రుద్దినా మసకగానే ఉంటే గాజే అరిగిపోయింది, ఇక బాగుపడదు. అలాంటివి ఇకమీదట చేత్తో కడుక్కోవడమే.

సున్నమే అయితే కింది ట్రే బయటికి లాగి మెషీన్ అడుగున చూడండి, పెద్ద మూత ఒకటి ఉంటుంది. ఉప్పు పోసేది అందులోనే. మాది ఎన్నాళ్లుగా ఎవరూ తెరవలేదో ఏమో, మూత బిగుసుకుపోయి ఓ పట్టాన తిరగలేదు. తీరా తీసి వేలు పెడితే ఉత్త నీళ్లు, అడుగున ఒక్క ఉప్పు పలుకు లేదు. మెషీన్ లోపల నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకునే రెజిన్ గుళికలు ఉంటాయి. అవి నిండిపోయినప్పుడల్లా ఉప్పునీటితో కడిగితేనే మళ్లీ పనికొస్తాయి. ఉప్పు అయిపోతే బోరు నీళ్లు ఉన్నవి ఉన్నట్టే గిన్నెల మీద పడతాయి.

డిష్‌వాషర్ సాల్ట్ అని అమ్మేదే పోయండి. వంటింటి మెత్తటి ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలుంటాయి, కళ్లుప్పులో మట్టి ఉంటుంది. రెండూ పనికిరావు. పోసేటప్పుడు లోపలి నీళ్లు పొంగి బయటికొస్తాయి, కంగారు పడకండి. కానీ ఒలికిన ఉప్పును అలా వదిలేస్తే స్టీలుకు తుప్పు పడుతుంది, అందుకని వెంటనే ఖాళీ మెషీన్‌ని ఒకసారి నడపండి. "ఆల్ ఇన్ వన్ టాబ్లెట్లు వాడుతున్నాం కదా, ఉప్పెందుకు" అని చాలామంది అడుగుతారు. మన బోరు నీళ్లకు ఆ టాబ్లెట్లలో ఉండేది చాలదు.

ఉప్పు పోస్తే సగం పనే అయినట్టు. ఎక్కువమంది పట్టించుకోనిది హార్డ్‌నెస్ సెట్టింగ్. నీళ్లు ఎంత గట్టివో, అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో మెషీన్‌కి మనం చెప్పాలి, కొన్ని ఖరీదైన మోడళ్లు తప్పితే మిగతావి తమంతట తాము కనిపెట్టవు. ఆర్‌ఓ సర్వీసు అతను పెన్నులాంటి మీటరుతో చూపించేది టీడీఎస్ అంకె, అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపిన లెక్క, అది హార్డ్‌నెస్ కాదు. ఆన్‌లైన్‌లోనో, చేపల తొట్లు అమ్మే షాపులోనో హార్డ్‌నెస్ స్ట్రిప్పులు దొరుకుతాయి. ఒకటి కుళాయి నీళ్లలో ముంచి రంగు పోల్చుకోండి. తాగునీటి హార్డ్‌నెస్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) చెప్పే పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది. మా స్ట్రిప్ 400 రంగుకు తిరిగింది. మాన్యువల్‌లో లెక్క ఎక్కువగా జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది, ఒక డిగ్రీ అంటే దాదాపు 18 మిల్లీగ్రాములు. అంటే మావి 22 డిగ్రీల నీళ్లు, మెషీన్ సెట్టింగేమో అందులో సగం కూడా లేదు. మాన్యువల్ పోయిందా? మోడల్ నంబర్‌తో వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. వేసవిలో ట్యాంకర్ నీళ్లు మొదలైతే మళ్లీ ఒక స్ట్రిప్ ముంచి చూడండి. మంజీరా నది నుంచి వచ్చే కుళాయి నీళ్లున్న ఇళ్లకు ఇంత తంటా ఉండదు.

రిన్స్ ఎయిడ్ (చివరి కడుగులో మెషీన్ కలుపుకునే ద్రవం) కూడా నింపండి. అది గ్లాసుల మీద చుక్కలు ఆరిపోయి మరకలు కట్టకుండా చూస్తుంది, ఉప్పు చేసే పని మాత్రం చేయదు.

ఇక జిడ్డు. పై ట్రేలోనే ఉందన్నారు కాబట్టి రెండు చోట్ల చూడమంటాను. ట్రే కింద నీళ్లు చిమ్ముతూ తిరిగే రెక్క ఉంటుంది, స్ప్రే ఆర్మ్ అంటారు. దాన్ని ఊడదీసి చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే ఆవాలో, మిరపగింజలో చేరినట్టే. సాంబారులోని మిరపగింజ సరిగ్గా ఆ కన్నాల సైజుకే ఉంటుంది! వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మూసుకుపోయిన కన్నాలన్నీ టూత్‌పిక్‌తో పొడవండి. అడుగున ఉండే ఫిల్టర్ కూడా తిప్పి బయటికి తీయండి. కరివేపాకు, చింతపండు పీచు, మెతుకులు కలిసి అక్కడ ఒక పచ్చడి తయారై ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించండి. వదులుగా పెడితే ఆ చెత్తంతా మళ్లీ రెక్కల్లోకే పోతుంది.

రెండోది పై అంతస్తుల సమస్య. నీళ్లను గిన్నెల మీదికి కొట్టేది మెషీన్ పంపే, కానీ దానికి సరిపడా నీళ్లు చేరకపోతే పై రెక్క దాకా ఎక్కవు. ట్యాంకు మీ నెత్తిమీదే ఉంటే మూడు మీటర్ల ఎత్తుకు 0.3 బార్ ప్రెషర్ కూడా సరిగా రాదు. చాలా మెషీన్లకు కనీసం కావలసిందే 0.3 నుంచి 0.5 బార్. మెషీన్‌కి నీళ్లు తెచ్చే గొట్టం విప్పి, కుళాయి తిప్పి బకెట్ పెట్టండి, నిమిషంలో పది లీటర్లు నిండితే ఢోకా లేదు. నిండకపోతే ముందు యాంగిల్ కాక్ (ఆ గొట్టం కలిపిన గోడ కుళాయి) పూర్తిగా తిప్పి ఉందో లేదో చూడండి, తర్వాత గొట్టం చివర ఉండే చిన్న జాలీ చూడండి. మా జాలీలో సన్నటి బోరు ఇసుక మూసుకుపోయి ఉంది. ఇవన్నీ బాగున్నా ధార రాకపోతే ప్రెషర్ పంప్ కావాలి, ఆ ఖర్చు ఓనర్‌దే అని నా అభిప్రాయం. నీళ్లు రాని ఇంట్లో డిష్‌వాషర్ ఇచ్చి, ఉందని అద్దె ఎక్కువ తీసుకోవడం ఏం న్యాయం?

గిన్నెలు సర్దడం గురించి ఒక్క మాట. పెద్ద మూకుడు, కుక్కరు కింది ట్రేలో ఏటవాలుగా బోర్లించి, స్టార్ట్ నొక్కే ముందు రెక్కలను చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా తగిలితే సర్దుడు మార్చాల్సిందే.

అమెరికాలో ఉండే మా చెల్లెలు "స్టార్ట్ చేసే ముందు సింక్ కుళాయిలో వేడినీళ్లు వచ్చేదాకా వదులు" అంది. అక్కడ మెషీన్లకు ఎక్కువగా వేడినీళ్ల లైనే కలుపుతారు, కాబట్టి వాళ్లకు ఆ సలహా సరైందే. ఇక్కడ మనవి చన్నీళ్లు తీసుకుని లోపలే కాచుకుంటాయి, ఊరికే నీళ్లు పారబోయడం తప్ప ఒరిగేదేం లేదు.

ఇవన్నీ అయ్యాక 70 డిగ్రీల ఇంటెన్సివ్ ప్రోగ్రామ్ ఒకటి పెట్టండి. అయిపోగానే తలుపు తీస్తే ఆవిరి రావాలి, స్టీలు గిన్నెలు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. చల్లగా ఉంటే హీటర్‌దే సమస్య, మీరు వెనక ప్యానెల్ విప్పకండి. కంప్లైంట్ ఓనర్‌నే పెట్టమనండి, వారంటీ వాళ్ల ఫోన్ నంబర్ మీదే ఉంటుంది, ఓటీపీ కూడా వాళ్లకే వస్తుంది. చల్లటి గిన్నెల వీడియో, స్ట్రిప్ ఫోటో, ఉప్పు పోసిన ఫోటో వాట్సాప్‌లో పంపి ఉంచుకోండి. రేపు ఖాళీ చేసేటప్పుడు "మీరే పాడుచేశారు" అని అడ్వాన్స్‌లో కోత పెట్టబోతే అవి పనికొస్తాయి.

స్ట్రిప్‌లో ఎంత వచ్చిందో, తలుపు అంచున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరేమిటో రాయండి. హార్డ్‌నెస్ ఎంతకు పెట్టాలో మాన్యువల్ చూసి చెప్తాను.