మెటల్ డిటెక్టర్‌కి పెద్ద కాయిల్ కొంటున్న మేనల్లుడికి

ఒరేయ్ అబ్బాయ్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "తమ్ముడూ, నీ మేనల్లుడు ఆ కూతల మిషన్‌కి అన్నం పళ్ళెమంత చక్రం ఒకటి ఆర్డర్ పెట్టాడ్రా, పాతది అమ్మేస్తాట్ట" అని. నిన్ను తిట్టమని చేసింది గానీ నాకు లోపల గర్వంగానే అనిపించింది, ఆ తర్వాత మాత్రం తెల్లారేదాకా నిద్ర లేదు. కాయిల్, అదే నేల మీద తిప్పే చక్రం, 11 అంగుళాల నుంచి 15కి వెళ్తున్నావట. మాఘమాసంలో అంతర్వేది తీర్థం అయ్యాక, జనం వెళ్ళిపోయిన ఇసకంతా జల్లెడ పడతావట.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. కాయిల్ నీ మోడల్‌కి సరిపడేదేనా కాదా చూసుకో, ప్లగ్గు పట్టినంత మాత్రాన పని చెయ్యదు. వైరు కర్రకి బిగుతుగా చుట్టు, వదులుగా ఊగితే దానికీ కూస్తుంది. బరువు ముందుకి లాగుతుంది, గంటకోసారి ఆగు, నా కుడి భుజం చూశావుగా.

అంతర్వేది ఇసకలో నల్ల చారలుంటాయి కదా, అది మాగ్నటైట్, ఇల్మనైట్, ఇనుము కలిసిన ఖనిజాలు. చిన్నప్పుడు అయస్కాంతాన్ని దారానికి కట్టి ఈడిస్తే గడ్డం మొలిచినట్టు పట్టేసేది. పైగా ఉప్పునీళ్ళు. పెద్ద కాయిల్ ఒక్కసారే ఎక్కువ నేలని చూస్తుంది కాబట్టి ఈ రెండింటి గోలా ఎక్కువే వింటుంది. పొడి ఇసక నుంచి తడి ఇసకలోకి దిగగానే గ్రౌండ్ బ్యాలెన్స్, అదే నేల గోలని మిషన్ పట్టించుకోకుండా సరిచెయ్యడం, మళ్ళీ చేసుకో, సెన్సిటివిటీ తగ్గించడానికి నామోషీ పడకు. ఇంకోటి, కాయిల్ రెట్టింపైతే లోతూ రెట్టింపవుతుందని అమ్మేవాళ్ళు చెప్తారు, నమ్మకు. కాయిల్‌కి బాగా దూరంలో ఉన్న చిన్న వస్తువు అంతకి రెట్టింపు దూరానికి జరిగితే, తిరిగొచ్చే సిగ్నల్ దాదాపు 64వ వంతుకి పడిపోతుంది. పెద్ద కాయిల్ లోతులో ఉన్న పెద్ద వస్తువుకి పనికొస్తుంది. బిందెకి పనికొస్తుంది, ముక్కుపుడకకి కాదు.

ఈ మాట నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. డబ్బే అయితే బాగుండేది.

2015 పుష్కరాలకి ముందు నేనూ నీలాగే పెద్దది కొన్నాను. వారం తిరక్కుండా మలికిపురం వైపు నుంచి పిలుపొచ్చింది, ఒక పెద్దావిడ చెవి కమ్మ పెరట్లో పడిపోయిందని. అది కొబ్బరికాయలు వలిచే చోటు. డొక్కల కింద తరాల నాటి మేకులు, తీగముక్కలు, సోడా మూతలు. ఇంట్లో చిన్న కాయిల్ ఉంది, కానీ కొత్తది చూపించుకోవాలి కదా. అడుగడుక్కీ ఇనుము గుర్రుమంటుంటే విసుగొచ్చి ఇనుము కూత వినపడకుండా కట్టేశాను. రెండు గంటలు ఎండలో తిప్పాను. అంతా నిశ్శబ్దం. చుట్టూ పదిమంది చూస్తున్నారు, నేను చెమట తుడుచుకుని "ఇక్కడ లేదండీ, ఉంటే నా మిషన్ వదలదు" అన్నాను.

లేదంటే మరి ఎవరో తీసినట్టేగా. అనుమానం పొద్దున్నే పెరడు ఊడ్చే మనిషి మీదకి పోయింది. ఆవిడ దేవుడి మీద ఒట్టేసింది, ఏడ్చింది, మర్నాటి నుంచి రావద్దన్నారు. అది నాకు తర్వాత తెలిసింది. వానలు మొదలయ్యాక అదే వీధిలో ఎవరిదో ఉంగరం కోసం వెళ్ళాను, ఆ రోజు చేతిలో చిన్న కాయిలే ఉంది, మనసు ఊరుకోక ఆ పెరట్లోకి వెళ్ళాను. అరగంట. తుప్పు మేకు పక్కనే, చిటికెన వేలంత లోతులో కమ్మ. పెద్ద కాయిల్ కింద మేకూ కమ్మా రెండూ ఒక్కటై ఇనుములా పలికాయి, ఆ ఇనుము నోరే నేను నొక్కేశాను. చిన్న బంగారం గట్టిగా కూయదురా, సిగరెట్ పెట్టెలో వెండికాగితంలా పలుకుతుంది. పెద్దావిడ సంబరపడి గెల అరటిపళ్ళు ఇచ్చింది. నేను ఊడ్చే మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అప్పటికే కువైట్ వెళ్ళిపోయిందన్నారు. ఇంట్లో వాళ్ళమ్మ ఉంది, చెప్పాను, ఆవిడ వింది, మంచినీళ్ళు ఇచ్చింది, ఒక్క మాట అనలేదు.

అందుకని ఎవరింటికైనా వెళ్తే "నాకు దొరకలేదు" అను. "లేదు" అనకు. ఈ ఒక్కటీ నువ్వు మర్చిపోయావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను, మీ అమ్మ మీద ఒట్టు.

ఇక నా అసలు భయం. మన కోనసీమలో నేల కింద గ్యాసు గొట్టాలున్నాయి. పెద్ద కాయిల్ అలాంటి వాటినే బాగా పసిగడుతుంది. సిగ్నల్ ఒక్క చోట ఆగకుండా గీతలా సాగుతుంటే అక్కడ పార పెట్టకు, వెనక్కొచ్చెయ్. 2014 జూన్ 27న మన నగరం ఊళ్ళో గొట్టం పేలినప్పుడు ఏం జరిగిందో మీ అమ్మనడుగు, నేను రాయలేను. రాత్రిపూట గుప్తనిధి అని ఎవడైనా పిలిస్తే ఫోన్ పెట్టెయ్. 1878 నాటి చట్టమే ఇంకా నడుస్తోంది, భూమిలో పాతి ఉన్నది 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే.

తిన్నావా సరిగ్గా? మీ అమ్మ బక్కచిక్కావంటోంది. తీర్థానికి ఒక రోజు ముందే రాజోలు వచ్చెయ్, మీ అత్త పులస పెట్టలేదని గొణక్కు, మాఘంలో ఎక్కడి పులస. పెరట్లో మేకుల మధ్య నా ఉంగరం పాతిపెడతాను, రెండు కాయిళ్ళతోనూ వెతుకుదువు గాని. అన్నట్టు, పాతది అమ్మేస్తానన్నావుగా, ఎవరికీ మాటివ్వకు. ఎంతకిస్తావో చెప్పు, నేనే కొనుక్కుంటాను. నీకు ఎప్పుడు కావాలన్నా మళ్ళీ పట్టుకెళ్దువు గాని.

మీ మావయ్య