బ్రిటన్ బాక్సర్లకి నాలుగు బెల్టులూ దక్కేనా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బాక్సింగ్ మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి. బ్రిటన్‌లో ఇంతమంది చాంపియన్లు ఉన్నా, ఒకే బరువులోని ప్రపంచ టైటిళ్లన్నీ ఒక్కరి దగ్గరికి ఎందుకు చేరడం లేదన్నదే చాలామంది సందేహం. చాంపియన్ల వివరాలు 2025 చివరికి ఉన్న పరిస్థితిని బట్టి ఇస్తున్నాం.

ప్రశ్న: ఒకే బరువులో నలుగురు ప్రపంచ చాంపియన్లు ఉంటారట. వాళ్లలో అసలు చాంపియన్ ఎవరు?
– ఒక పాఠకుడు, రాజాం

ప్రొఫెషనల్ బాక్సింగ్‌కి అందరూ ఒప్పుకునే ఒకే సమాఖ్య లేదు. నాలుగు సంస్థలు విడివిడిగా బెల్టులు ఇస్తాయి. డబ్ల్యూబీఏ 1921లో వేరే పేరుతో పుట్టి 1962లో ఇప్పటి పేరు పెట్టుకుంది. డబ్ల్యూబీసీ 1963లో మెక్సికోలో, ఐబీఎఫ్ 1983లో అమెరికాలో, డబ్ల్యూబీఓ 1988లో ప్యూర్టోరికోలో మొదలయ్యాయి. ఒకే పొలానికి నాలుగు ఆఫీసులు నాలుగు పట్టాలు రాసిచ్చినట్టన్నమాట, ఏ పట్టా చేతిలో ఉన్నవాడు ఆ పొలం తనదే అంటాడు. రెండు మూడు బెల్టులు కలిపి గెలిస్తే యూనిఫైడ్ చాంపియన్ అంటారు, అలా కలపడమే ఏకీకరణ. నాలుగూ ఉంటే అన్‌డిస్ప్యూటెడ్. తిరుగులేని చాంపియన్ అని ధైర్యంగా చెప్పదగ్గవాడు ఆ ఒక్కడే.

వార్త చదివేటప్పుడు ఒకటి గమనించండి. డబ్ల్యూబీఏ ఒకే బరువులో సూపర్, రెగ్యులర్ అని రెండు బెల్టులు ఇస్తుంటుంది. ఏకీకరణ లెక్కలోకి వచ్చేది సూపర్ బెల్టే. 2022 జూన్‌లో మయామీలో ట్రెవర్ బ్రయాన్‌ని ఓడించి డేనియల్ డుబ్వా గెలిచింది రెగ్యులర్ బెల్టు. అప్పటికి సూపర్ బెల్టు ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ దగ్గర ఉంది. వార్తలో మాత్రం ఇద్దరినీ ప్రపంచ చాంపియన్ అనే రాస్తారు.

ప్రశ్న: ఇంతకుముందు బ్రిటన్ వాళ్లెవరైనా అన్ని బెల్టులూ గెలిచారా?
– చీపురుపల్లి పాఠకుడు

గెలిచారు. మూడు బెల్టుల లెక్క నడిచిన రోజుల్లో, 1986 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో లాయిడ్ హనీగన్ డొనాల్డ్ కర్రీని ఓడించి వెల్టర్‌వెయిట్‌లో మూడూ తీసుకున్నాడు. హెవీవెయిట్‌లో లెనాక్స్ లూయిస్ 1999 మార్చిలో హోలీఫీల్డ్‌తో డ్రా చేసుకుని, నవంబరులో లాస్ వెగాస్‌లో గెలిచాడు. వేల్స్‌కి చెందిన జో కాల్జాగీ నాలుగు సంస్థల బెల్టులూ గెలిచినా నాలుగూ ఒకేసారి అతని దగ్గర లేవు. 2007 నవంబరులో కార్డిఫ్‌లో కెస్లర్ మీద గెలిచేనాటికి ఐబీఎఫ్ బెల్టు వదిలేసి ఉన్నాడు.

నాలుగూ ఒకేసారి పట్టిన బ్రిటన్ మగవాడు స్కాట్లండ్‌కి చెందిన జోష్ టేలర్ ఒక్కడే. 2021 మే 22న లాస్ వెగాస్‌లో, 140 పౌండ్ల విభాగంలో (63.5 కిలోలు) హోసే రమీరెజ్‌ని ఓడించాడు. ముగ్గురు జడ్జీలూ 114-112 వేశారు. ఆ అంకెని విడదీసి చూస్తే గెలుపు ఎంత సన్నంగా దక్కిందో తెలుస్తుంది. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కిందపడితే 8. టేలర్ ఆరు రౌండ్లు గెలిచి ఆరు ఓడాడు, మొత్తం 114. రమీరెజ్ కూడా సరిగ్గా ఆరే గెలిచాడు. కానీ ఓడిన ఆరింటిలో రెండింటిలో, అంటే 6, 7 రౌండ్లలో, కిందపడ్డాడు. అందుకే 112 దగ్గర ఆగిపోయాడు. ఆ రెండుసార్లూ పడకపోయి ఉంటే 114-114, డ్రా. టేలర్‌కి నాలుగు బెల్టులూ దక్కేవి కావు.

ఆడవాళ్లలో ఇద్దరున్నారు. షాంటెల్ కామెరాన్ 2022 నవంబరులో అబుదాబిలో, సవానా మార్షల్ 2023 జులైలో మాంచెస్టర్‌లో తమ తమ బరువుల్లో నాలుగూ గెలిచారు.

ప్రశ్న: గెలిచిన బెల్టులు ఓడకుండానే ఎలా పోతాయి? టైసన్ ఫ్యూరీ విషయంలో అలాగే జరిగిందని విన్నాం.
– పలాస నుంచి ఒక ఉపాధ్యాయుడు

బ్రిటన్ అవకాశాలు తేలేది రింగులో కంటే ఇక్కడే ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

ప్రతి సంస్థా తన ర్యాంకింగ్‌లో ముందున్న ఒకరిని మాండేటరీ చాలెంజర్‌గా ప్రకటిస్తుంది. గడువు లోపల చాంపియన్ అతనితో తలపడాలి. ఐబీఎఫ్‌లో ఆ గడువు మామూలుగా తొమ్మిది నెలలు. ముందు ఇద్దరి ప్రమోటర్లూ మాట్లాడుకుంటారు. మాట కుదరకపోతే సీల్డ్ కవర్లలో వేలం పెడతారు, దాన్ని పర్స్ బిడ్ అంటారు. ఎక్కువ పాడిన ప్రమోటర్‌కే బౌట్ జరిపే హక్కు దక్కుతుంది. ఆ డబ్బు సంస్థ ముందే చెప్పిన వాటాల ప్రకారం బాక్సర్లిద్దరికీ వెళ్తుంది. చాంపియన్ ఒప్పుకోకపోతే బెల్టు తీసేస్తారు. ఇవేవీ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. చాలెంజర్‌కి కొంత సొమ్ము ఇచ్చి, ఈసారికి పక్కకు తప్పుకోమని ఒప్పించాలి.

ఒక్క బెల్టు ఉన్నవాడికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. నాలుగూ ఉన్నవాడికి నలుగురు మాండేటరీలు తయారవుతారు. ఈ స్థాయి బాక్సర్ ఏడాదికి రెండు బౌట్లు ఆడడమే ఎక్కువ. పైగా ప్రతి సంస్థకీ బాక్సర్ సంపాదనలోంచి ఫీజు కట్టాలి, అది సుమారు 3 శాతం వరకు ఉంటుంది. బెల్టులు పెరిగేకొద్దీ కోత పెరుగుతుంది. అందుకే కొందరు తమంతట తామే వదులుకుంటారు.

మీరడిగిన ఫ్యూరీ సంగతే చూడండి. 2015 నవంబరు 28న డుసెల్‌డార్ఫ్‌లో క్లిచ్కోని ఓడించి మూడు బెల్టులు గెలిచాడు. ఒప్పందం ప్రకారం క్లిచ్కోతోనే రీమ్యాచ్ ఆడాలి. ఐబీఎఫ్ మాత్రం తన మాండేటరీ గ్లాజ్‌కోవ్‌తో ఆడాలంది. రెండూ కుదరవు కాబట్టి పది రోజులకే ఆ బెల్టు పోయింది. లూయిస్ డబ్ల్యూబీఏ బెల్టు 2000లో కోర్టు దాకా వెళ్లి ఊడింది, అక్కడ కూడా గొడవ మాండేటరీ గురించే. టేలర్ నాలుగు బెల్టుల్లో మొదటిది ఏడాది తిరిగేసరికి 2022 మేలో చేజారింది, ఇంకో రెండు ఆ తర్వాత కొద్ది నెలల్లోనే. హనీగన్ కారణం వేరు, మాకు గౌరవం కలిగించేది. వర్ణవివక్ష పాలన నడుస్తున్న దక్షిణాఫ్రికా బాక్సర్‌తో ఆడమని డబ్ల్యూబీఏ అడిగితే, ఆ బెల్టునే చెత్తడబ్బాలో పడేశాడు.

కాబట్టి ఏకీకరణ మీద ఆశ పెట్టుకునేటప్పుడు ఎవరి పంచ్ బలమైనదని ఒక్కటే చూస్తే చాలదు. రాబోయే ఆరునెలల్లో ఏ బెల్టుకి మాండేటరీ గడువు పడుతుందో కూడా చూడాలి.

ప్రశ్న: ఇప్పుడున్న వాళ్లలో ఎవరికి అవకాశం ఎక్కువ? మా కుర్రాళ్లు డుబ్వా అంటున్నారు, నేను జోషువా అంటున్నాను.
– ఒక పాఠకుడు, బొబ్బిలి

మా లెక్కలో మీరు చెప్పిన ఇద్దరి కంటే ముందు ఇద్దరు మహిళలున్నారు. వేల్స్‌కి చెందిన లారెన్ ప్రైస్ టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. 2025 మార్చి 7న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో నటాషా జోనస్‌ని ఓడించి, వెల్టర్‌వెయిట్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్ మూడూ దగ్గర పెట్టుకుంది. మిగిలిన డబ్ల్యూబీఓ బెల్టుని అమెరికా బాక్సర్ మికేలా మేయర్ 2024 సెప్టెంబరులో శాండీ ర్యాన్ నుంచి గెలుచుకుంది. శాండీదీ బ్రిటనే. ఆ బౌట్ గెలిచి ఉంటే, నాలుగో బెల్టు కోసం ఇద్దరు బ్రిటన్ అమ్మాయిలే తలపడేవారు. రెండో ఆమె ఎలీ స్కాట్నీ. సూపర్ బాంటమ్‌వెయిట్‌లో ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ బెల్టులకి 2025 జులైలో న్యూయార్క్‌లో డబ్ల్యూబీసీ కూడా చేర్చింది. ఇద్దరికీ ఒక్కొక్క బెల్టే బాకీ.

హెవీవెయిట్‌కి వద్దాం. బ్రిటన్ ఆశలకి అడ్డు నిలిచింది ఉసిక్. చిసోరా ఒకసారి, జోషువా, ఫ్యూరీ, డుబ్వా తలా రెండుసార్లు అతని చేతిలో ఓడారు. 2025 జులై 19న వెంబ్లీలో డుబ్వాని ఐదో రౌండ్‌లోనే నాకౌట్ చేసి నాలుగు బెల్టులూ తిరిగి కలిపాడు. అదే ఏడాది నవంబరులో డబ్ల్యూబీఓ బెల్టు వదిలేశాడు. అంతకు కొద్ది వారాల ముందే పార్కర్‌ని 11వ రౌండ్‌లో ఆపి డబ్ల్యూబీఓ తాత్కాలిక బెల్టు గెలిచిన ఇప్స్‌విచ్ కుర్రాడు ఫాబియో వార్డ్‌లీ, పూర్తి చాంపియన్ అయ్యాడు.

వార్డ్‌లీ బలం చివరి రౌండ్లలో. 2025 జూన్‌లో జస్టిస్ హూనీతో ఆడినప్పుడు పాయింట్లలో వెనకబడి ఉండి, పదో రౌండ్‌లో ఒక్క కుడిచేతి పంచ్‌తో ముగించాడు. బలహీనత కూడా అక్కడే ఉంది. అమెచ్యూర్ అనుభవం లేకుండా వచ్చినవాడు కనక మొదటి రౌండ్లలో దెబ్బలు ఎక్కువ తింటాడు. ఉసిక్ లాంటి ఎడమచేతివాటం బాక్సర్ బయటి కాలు మీద పక్కకి జరుగుతూ పోతుంటే, పదో రౌండ్ వచ్చేసరికి పంచ్ తగిలించే ఓపిక మిగలకపోవచ్చు.

ఉసిక్ పుట్టింది 1987 జనవరిలో. అతను తప్పుకున్నాక దారి తెరుచుకుంటుందని బ్రిటన్ అభిమానులు ఆశిస్తున్నారు. సగం నిజమే. అతని మూడు బెల్టులూ ఖాళీ అయితే మూడు సంస్థలూ మూడు వేర్వేరు బౌట్లు పెడతాయి. డుబ్వా, జోషువా, డిలియన్ వైట్‌ని ఒక్క రౌండ్‌లోనే ఆపేసిన కుర్రాడు మోజెస్ ఇటామా, వీళ్లలో ఒకరికి ఒక బెల్టు రావడం అప్పుడు తేలికే. నాలుగూ ఒక్కరి దగ్గరికి చేరాలంటే మాత్రం మళ్లీ మొదటి నుంచి మూడు నాలుగు పెద్ద బౌట్లు కుదరాలి. ఉసిక్ ఉండగానే అతన్ని ఓడించడం కష్టం, కానీ దారి దగ్గర. అతను వెళ్లాక పని తేలిక, దారి చాలా దూరం.

ప్రశ్న: మా ఊళ్లో వెయిట్‌లిఫ్టింగ్ పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలవుతుంది. బాక్సింగ్‌లో ముందురోజే తూస్తారట. తర్వాత బరువు పెరిగితే?
– కొండవెలగాడ నుంచి ఒక కోచ్

మంచి ప్రశ్న. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో తూకం బౌట్‌కి ముందురోజు జరుగుతుంది. ఆ వ్యవధిలో నీళ్లు, ఉప్పు, పిండిపదార్థాలు తీసుకుని కొందరు నాలుగైదు కిలోలు పెరిగి రింగులోకి వస్తారు. లిఫ్టర్‌కి రెండు గంటల్లో అంత కోలుకోవడం కుదరదు కాబట్టి అంతగా దించే సాహసం చెయ్యడు.

ఐబీఎఫ్ ఒక్కటే దీనికి పట్టు బిగించింది. హెవీవెయిట్ తప్ప మిగతా బరువుల్లో బౌట్ రోజు ఉదయం రెండోసారి తూస్తారు. పరిమితి మీద 10 పౌండ్లు, అంటే 4.5 కిలోలు మించకూడదు. ఏకీకరణ బౌట్‌లో మాత్రం సాధారణంగా ఈ రెండో తూకం పెట్టరు. ఎక్కువ నీళ్లు పోగొట్టుకుని వచ్చేవాడికి అది కలిసొస్తుంది, పైకి మాత్రమే. ఒంట్లో నీరు పూర్తిగా చేరని మెదడుకి దెబ్బ తగిలితే ప్రమాదం ఎక్కువ. మీ దగ్గర బాక్సింగ్ వైపు వెళ్లే పిల్లలుంటే, చెమట పట్టించి బరువు దించే పద్ధతి అలవాటు చెయ్యొద్దు.

ప్రశ్న: ఆడవాళ్ల బౌట్‌లో రెండు నిమిషాల రౌండ్లే ఎందుకు? దాని వల్ల ఏకీకరణకి ఏమైనా తేడా ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

మగవాళ్లకి 3 నిమిషాల రౌండ్లు 12, ఆడవాళ్లకి 2 నిమిషాలవి 10. అంటే 36 నిమిషాలకి 20. నాకౌట్లు తగ్గుతాయి, జడ్జీల కార్డు మీద ఆధారపడడం పెరుగుతుంది. మూడు నిమిషాల రౌండ్లకి డబ్ల్యూబీసీ ఒప్పుకోదు. అందుకే 2023లో అమాండా సెరానో ఫెదర్‌వెయిట్ డబ్ల్యూబీసీ బెల్టు వదులుకుంది, నాలుగు బెల్టుల కూర్పు అక్కడ చెదిరింది.

ప్రశ్న: 2024 మేలో ఉసిక్‌తో బౌట్‌లో ఫ్యూరీ కిందపడలేదు. మరి నాక్‌డౌన్ ఎందుకిచ్చారు?
– శ్రీకాకుళం పాఠకుడు

తాళ్లు ఆపబట్టే పడలేదని రిఫరీకి అనిపిస్తే అది నాక్‌డౌన్ కిందే లెక్క. తొమ్మిదో రౌండ్‌లో ఫ్యూరీ తాళ్ల మీద అటూ ఇటూ తూలుతుంటే రిఫరీ మధ్యలోకి వచ్చి లెక్కపెట్టాడు. జడ్జీల కార్డులు ఉసిక్‌కి 115-112, 114-113, ఫ్యూరీకి 114-113. ఆ ఒక్క పాయింటు తీసేసి చూడండి. రెండో కార్డు 114-114 అయ్యి బౌట్ డ్రా అయ్యేది. ఫ్యూరీ తన డబ్ల్యూబీసీ బెల్టుతోనే ఇంటికి వెళ్లేవాడు.

ప్రశ్న: ప్రతిసారీ బౌట్ అయిపోయాకే తెలుస్తోంది. మన టైముకి ఎప్పుడు చూడాలి?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

బ్రిటన్‌లో శనివారం రాత్రి అంటే మనకి ఆదివారం తెల్లవారుజాము. అక్కడ ప్రధాన బౌట్ మామూలుగా రాత్రి 10 దాటాక మొదలవుతుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మనం వాళ్లకంటే నాలుగున్నర గంటలు ముందుంటాం, కాబట్టి రెండున్నర నుంచి మూడున్నర మధ్య చూసుకోండి. చలికాలంలో తేడా ఐదున్నర గంటలు, ఇంకో గంట కలపండి. రియాద్‌లో తేడా రెండున్నర గంటలే అయినా అక్కడ బౌట్లు అర్ధరాత్రి దాటాక పెడతారు, మనకి మూడు దాటాకే. లాస్ వెగాస్ బౌట్ అయితే ఆదివారం ఉదయం టిఫిన్ వేళకి వస్తుంది. ప్రకటనలో కనిపించే టైము మొదటి చిన్న బౌట్‌ది. "రింగ్ వాక్" అని విడిగా ఇచ్చే టైము చూసి అలారం పెట్టుకోండి.