పిరోట్‌లో కాపురం పెట్టబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

అల్లుడికి టైర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైందని, ఇద్దరూ పిరోట్ వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సెర్బియా అనగానే అందరూ బెల్‌గ్రేడ్ గురించే చెప్తారు. పిరోట్ అలాంటి ఊరు కాదు. బల్గేరియా సరిహద్దు పక్కన, నిషావా నది ఒడ్డున ఉండే చిన్న ఊరు. మీ పెదనాన్నా నేనూ అక్కడ ఉండి వచ్చినవాళ్లం కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. చలికి ఏ కోటు కొనాలో యూట్యూబ్‌లో చూసుకో. నేను రాసేది అక్కడి మనుషులతో ఎలా మెలగాలో.

ముందుగా ఒక ఆఫీసు పని. దిగిన 24 గంటల్లోపు మీ చిరునామా పోలీసుల దగ్గర నమోదు కావాలి. ఆ కాగితాన్ని 'బేలీ కార్టన్' అంటారు, అంటే తెల్ల కార్డు. నమోదు చేయించాల్సింది ఇంటి ఓనరే. ఆయన "రేపు చూద్దాం" అంటే ఊరుకోకు, వెంటపడు.

ఇక ఇరుగుపొరుగు. వచ్చిన కొద్దిరోజులకే పక్కింటావిడ కాఫీకి పిలుస్తుంది. పని ఉందని తప్పించుకోకు. పూలు తీసుకెళ్తే బేసి సంఖ్యలోనే ఉండాలి, సరి సంఖ్య పూలు చావులకు. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి, అది మనకు కొత్తేం కాదు. పాతకాలం ఇళ్లలో ముందు పండ్ల పాకం, ఒక గ్లాసు మంచినీళ్లు పెడతారు. పాకం ఒక్క చెంచా తిని నీళ్లు తాగు. ఇంకా బాగుందని గిన్నె ఖాళీ చేయకూడదు. కాఫీ పొడి అడుగుకు దిగేదాకా ఆగి, మెల్లగా తాగాలి. పది నిమిషాల్లో లేచావంటే కోపం వచ్చి వెళ్లిపోయావనుకుంటారు. ఎంత ఉక్కగా ఉన్నా ఎదురెదురు కిటికీలు తెరవకు. ఆ గాలికి జబ్బు చేస్తుందని వాళ్లకు మహా భయం. రాకియా (పండ్ల సారా) పోస్తే గ్లాసు ఎత్తి, కళ్లలోకి చూసి "జీవెలీ" అని, పెదవులకు తాకించి పెట్టేయ్, ఎవరూ ఏమీ అనుకోరు. పెద్దవాళ్లయితే ఇండియా అనగానే టీటో (వాళ్ల పాత యుగోస్లావియా నాయకుడు), నెహ్రూ, ఇందిరాగాంధీ అంటూ మొదలుపెడతారు. అలీన దేశాల మొదటి సమావేశం 1961లో వాళ్ల బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది మరి.

నీ అసలు టెన్షన్ తిండి గురించేనని నాకు తెలుసు. శాకాహారం అని చెప్తే చికెన్ తెచ్చిపెట్టే మహానుభావులు ఉంటారు. "పోస్నో" అని అడుగు. వాళ్ల ఉపవాసపు వంట అది, మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. కానీ చేప ఉండొచ్చు! కాబట్టి "చేప కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. చిక్కుడు గింజలను ఉల్లిపాయలతో కలిపి ఓవెన్‌లో వండే ప్రెబ్రానత్స్ నీకు తప్పకుండా నచ్చుతుంది. అల్లుడు మాంసం తింటాడు కాబట్టి ఇంకో మాట. ఆ ఊరి పెగ్లానా సాసేజ్‌లో పంది మాంసం ఉండదుగానీ గొడ్డు మాంసం ఉంటుంది. వద్దనుకుంటే ముందే అడగమను.

ప్రతి ఇంటికీ ఒక రక్షక సెయింట్, తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు. ఆయన పండుగే స్లావా. పాత పద్ధతిలో దీనికి పిలుపులుండవు, తెలిసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వెళ్తారు. డిసెంబరు 19న సెయింట్ నికోలస్ స్లావా చాలా ఇళ్లలో ఉంటుంది. లోపలికి వెళ్లగానే ఉడికించిన గోధుమలు, అక్రోటు, చక్కెర కలిపిన ప్రసాదం ఇస్తారు. ఒక చెంచా తిని "స్రెచ్‌నా స్లావా" అను. చేతిలో కాఫీ పొట్లమో చాక్లెట్లో ఉంటే చాలు.

సెప్టెంబరులో వీధి వీధంతా కాల్చిన ఎర్ర మిరపకాయల వాసన. అది అయ్‌వార్ అనే మిరప పచ్చడి పెట్టే సీజన్, మన ఆవకాయ రోజుల్లాంటిదే అనుకో. ఆ కాయలు కారం ఉండవు, అరచేయంత ఉంటాయి. కాల్చి, తొక్క వొలిచి, నీరు కారనిచ్చి, రుబ్బి, నూనెలో గంటల తరబడి కలుపుతారు. గరిటె లాగితే గిన్నె అడుగు గీతలా కనబడాలి, అప్పుడు దించుతారు. సాయానికి వెళ్లి తొక్కలు వొలుచు. ఏ క్లాసులోనూ రానంత భాష ఆ ఒక్క రోజులో వస్తుంది. ఎలాగూ పుస్తకంలోని ఏడు విభక్తులనూ పిరోట్ వాళ్లు పట్టించుకోరు, తప్పులు దొర్లుతాయేమోనని భయం అక్కర్లేదు.

పిసినారులని దేశమంతా పిరోట్ వాళ్ల మీద జోకులేస్తుంది, వాళ్లూ నవ్వుతారు. నువ్వు మాత్రం వేయకు. నాకైతే అది పిసినారితనం అనిపించలేదు, వస్తువు విలువ తెలియడం అనిపించింది. వాళ్ల కిలీమ్ తివాచీ తిప్పి చూడు, రెండు వైపులా ఒకే నేత. 1848లో కట్టిన ఒక వ్యాపారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అక్కడ మంచివి చూడొచ్చు.

ఎవరైనా ముసలాయన తన ఊరు జావోయ్ అంటే, ఆ పేరుతో ఉన్న సరస్సు భలే ఉంటుందని ఫోటోల ఊసు ఎత్తకు. 1963లో కొండచరియ విరిగి నదికి అడ్డం పడితే ఆ ఊరు నీళ్లలో మునిగిపోయింది. ఆయన ఇల్లు ఆ నీళ్ల కిందే ఉంటుంది. ఏ వీధిలో ఉండేవారని అడిగి, చెప్పింది విను.

టికెట్లు కొనే ముందు ఒక్కటి. మ్యాప్‌లో పిరోట్‌కు సోఫియా ఎయిర్‌పోర్టు దగ్గరగా కనిపిస్తుంది. కానీ అది బల్గేరియా, సెర్బియా వీసా అక్కడ పనికిరాదు. బెల్‌గ్రేడ్‌కో నీష్‌కో తీసుకోమని అల్లుడికి చెప్పు.

మీ పెద్దమ్మ