డ్రైవర్ కోడ్ రాసే అబ్బాయి, ఏఐ కోర్సు గురించి అడిగే నాన్న

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. రోజూ రాత్రి చిన్న బోర్డుకి వైర్లు తగిలించి ‘కెర్నల్ డ్రైవర్ రాస్తున్నా’ అంటాడు. ఏమొచ్చిందిరా అంటే తెర మీద ఒక అంకె చూపిస్తాడు. మా అన్నయ్య కొడుకు ఏఐ కోర్సులో చేరాడు. లక్షన్నర కట్టి మావాణ్ణీ చేర్పించమంటారా? రెండింట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ. కోర్సు పేరు మారుతుంటుంది, అన్నయ్య కొడుకు మాత్రం మారడు. మీ బెంగంతా ఆ అబ్బాయి ముందుకెళ్లిపోతాడనే. ముందు ఆ పోలిక మానండి.

ఆ అంకె సంగతి చెబుతాను. బోర్డు మీద వేడి కొలిచే సెన్సర్ ఉంటుంది. డ్రైవర్ అంటే అలాంటి పరికరంతో మాట్లాడే ప్రోగ్రాము. అది సెన్సర్‌ని చదివి, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో సిస్‌ఎఫ్‌ఎస్ అనే చోట ఆ విలువని ఒక ఫైలుగా బయటపెడుతుంది. ఆ ఫైలు డిస్క్ మీద ఎక్కడా ఉండదు. చదివిన ప్రతిసారీ మీవాడు రాసిన చిన్న ఫంక్షన్ నడిచి జవాబిస్తుంది. 31000 అని వస్తే 31 డిగ్రీలన్నమాట. కెర్నల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, మామూలుగా దశాంశ లెక్కలు చేయరు, అందుకే మిల్లీ డిగ్రీలు. ఒక ఫైలుకి ఒకే విలువ అన్నది అక్కడి కట్టుబాటు. ఎవరికి చూపాలన్నదీ ఆలోచించాలి: ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఎవరైనా చదవొచ్చు, సీరియల్ నంబరుకి రూట్ అనుమతి, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం, కావాలి. ఒకసారి బయటపెట్టిన ఫైలు పేరు తర్వాత మారిస్తే దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములు ఆగిపోతాయి. పిల్లాడు ఇన్ని ఆలోచించి రాస్తుంటే మీకు అంకె ఒక్కటే కనబడిందా?

ఏఐ మీద నాకు కోపం లేదు. లెక్కల మీద ఇష్టంతో నాలుగేళ్లు కూర్చునేవాళ్లకి అది మంచి దారే. నా అనుమానమంతా మూడు నెలల కోర్సుల మీద. రెడీమేడ్ లైబ్రరీలు వాడించి, అందరికీ ఒకటే ప్రాజెక్టు చేయించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. అలాంటి రెజ్యూమెలు నా బల్ల మీద బోలెడు. పేరు చెరిపేస్తే ఏది ఎవరిదో నేనే చెప్పలేను. అన్నట్టు, ఆ ఏఐ లెక్కల్ని నడిపే జీపీయూ అనే చిప్‌కీ డ్రైవర్ ఉండాల్సిందే. ఏఎండీ వాళ్ల లినక్స్ డ్రైవర్, జీపీయూ ఎంత శాతం బిజీగా ఉందో ఇలాంటి ఫైలులోనే చెబుతుంది.

పోల్చమన్నారు కాబట్టి ఒక్క మాట. డ్రైవర్ ఉద్యోగాలు తక్కువ, ఫ్రెషర్లకి ఇంకా తక్కువ. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ ఉన్నాయి కానీ సి లాంగ్వేజ్, పాయింటర్లు, లాకింగ్ గట్టిగా రావాలి. మీవాడు లినక్స్‌లోకి ఒక చిన్న ప్యాచ్, అంటే కోడ్ సవరణ, ఎక్కించగలిగితే, ఆ కోర్సు సర్టిఫికెట్ కంటే నేను దానికే విలువిస్తాను. టెన్షన్ పడకండి, ఫీజు మాత్రం కట్టకండి.

ఈ రాత్రి వాడి పక్కన కూర్చుని ఆ సెన్సర్ మీద ఒక నిమిషం వేలు పెట్టి, ఫైలు మళ్లీ చదవమనండి. అంకె పెరుగుతుంది.